సగం ముఖానికి రాత్రి మాస్కు

అనంతపురంలో మాకొక ఫొటో స్టూడియో ఉంది. మా ఆయన కెమెరా పట్టుకుని పెళ్లిళ్లకు పోతాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పెళ్లిళ్లలోని ముఖాలను నున్నగా చేస్తాను. కరిజ్మా ఆల్బమ్ ప్రింటింగ్‌కు పోయేలోపు పెళ్లికూతురు, పెళ్లికొడుకు, వాళ్ల అమ్మానాన్నలు, ఆడపడుచులు అందరూ నా చేతి కింద నుంచి పోవాల్సిందే. "అక్కా, మా పిన్నమ్మది గూడా రవ్వంత స్మూత్ చెయ్యి" అని వాట్సాప్‌లో వాయిస్ పెట్టేవాళ్లూ ఉన్నారు.

ఈ పనిలో కొన్నేళ్లు ఉంటే ఒక సంగతి చేతికి తెలిసిపోతుంది. చర్మం నునుపు వేరు, బిగువు వేరు. పొట్టు లేచిన బుగ్గ, కంటి కింద సన్నగీతలు, నుదుటి మీది గరుకు ఇవన్నీ పైపై వ్యవహారం. ఫొటోషాప్‌లో హీలింగ్ బ్రష్ చాలు. ముక్కు పక్క నుంచి నోటి కొసదాకా దిగే మడత, దవడ కింద జారిన కండ మాత్రం ఆకారానికి సంబంధించినవి. అక్కడ బ్రష్ ఎంత తిప్పినా లాభం ఉండదు, ఆకారాన్నే జరిపే లిక్విఫై తెరవాల్సిందే. రాత్రి మాస్కుల డబ్బాల మీద ఈ రెండు పనులనూ ఒకే వరసలో రాసేస్తారు. పూసుకుని పడుకుంటే పొద్దునకల్లా చర్మం బిగువుగా, నున్నగా అవుతుందట.

బెంగళూరులో చదువుకుంటున్న మా పాప సంక్రాంతికి వచ్చినప్పుడు అలాంటి డబ్బా ఒకటి తెచ్చింది. కొరియా వాళ్ల స్లీపింగ్ మాస్కు. నాకు నలభై దాటాయి, స్కూటీ మీద తిరిగే ముఖం, పైగా ఊరు అనంతపురం. మా అత్తమ్మ మూత తీసి, వాసన చూసి, వేలితో తాకి "ఏందే ఇది, మైదా గంజి మాదిరి జారుతాంది. ఇది పూసుకోని ఎట్ల పండుకుంటావు?" అంది. మాఘమాసం పెళ్లిళ్ల ఒత్తిడిలో డబ్బా అలాగే బీరువాలో ఉండిపోయింది. శివరాత్రి దాటి పని కొంచెం తెరిపిన పడ్డాక బయటికి తీశాను.

అందరిలాగా ముఖమంతా పూసుకుని, వారం పోయాక అద్దంలో చూసుకుని "బాగుంది" అనుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అద్దం మన మనసుకు నచ్చినట్టు చూపిస్తుంది. బాగా నిద్రపట్టిన పొద్దున ఏమీ పూసుకోకపోయినా ముఖం బాగానే ఉంటుంది. అందుకని ఎడమ సగానికి మాస్కు, కుడి సగానికి రోజూ వాడే మామూలు మాయిశ్చరైజర్. ఒకే నిద్ర, ఒకే తిండి, ఒకే ఎండ. తేడా వస్తే అది మాస్కు వల్లనే రావాలి.

దానికి ముందు చెవి వెనక చిన్న చుక్కంత పూసి, రెండు మూడు రాత్రులు చూశాను. దురద, ఎరుపు ఏమీ రాలేదు. ఈ పరీక్ష ఎవరూ దాటవేయకూడదు. రాత్రంతా ముఖం మీద ఉండే పదార్థం పది నిమిషాల ప్యాక్ లాంటిది కాదు, పడకపోతే నిద్రలో మనకు తెలియనే తెలియదు.

ఫొటోల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నా నమ్మకమంతా వాటి మీదే. స్టూడియోలో ఉత్తరం వైపు కిటికీ ఒకటుంది, దాంట్లోంచి నేరుగా ఎండ పడదు. ఆ వెలుతురు పక్క నుంచి బుగ్గ మీద పడేటట్టు స్టూల్ వేశాను. ఎదురుగా ఫ్లాష్ కొడితే గీతలన్నీ మాయమవుతాయి, పక్క నుంచి పడే వెలుగులో ప్రతి గీతకూ ఒక చిన్న నీడ వస్తుంది. ఒక బుగ్గ అయ్యాక స్టూల్ తిప్పి రెండో బుగ్గ. కెమెరా ట్రైపాడ్ మీద, సెట్టింగులన్నీ మాన్యువల్‌లో, రంగు తప్పకుండా బూడిద రంగు కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్. ముఖం కడుక్కున్న వెంటనే కాకుండా అరగంట ఆగి తీసేదాన్ని, తడి చర్మం ఎవరిదైనా మెరుస్తుంది కాబట్టి. ప్రతి బుగ్గకూ రెండు ఫొటోలు. ఒకటి మామూలుగా, ఇంకొకటి లెన్స్‌కు పోలరైజర్ ఫిల్టర్ తగిలించి. ఆ ఫిల్టర్ తిప్పితే చర్మం మీది మెరుపు చాలావరకు కోసేయవచ్చు. మెరుపు పోయాక కూడా గీత కనబడకపోతే గీత నిజంగానే తగ్గినట్టు. మెరుపుతో పాటే "నునుపు" కూడా పోతే అది వెలుతురు చేసిన మాయ.

మా దగ్గర పనిచేసే పిల్లోడు పొద్దున్నే షట్టర్ తీస్తూ "ఏమక్కా, రోజూ పాస్‌పోర్టు ఫొటోలా?" అని నవ్వేవాడు.

ఇక రాత్రి తంతు. ముఖం కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, కొంచెం తడి ఉండగానే ఎడమ సగానికి పలుచగా పూయాలి. మందంగా పూస్తే ఎక్కువ పనిచేస్తుందనుకోవడం దండగ, మిగిలినదంతా తలగడ తాగుతుంది. పూశాక ఇరవై నిమిషాలైనా ఆగి పడుకోవాలి. నాకు ఎడమ పక్కకు తిరిగి పడుకునే అలవాటు. మొదటి రాత్రుల్లో మాస్కులో సగం గలీబుకే అంటింది. తర్వాత మెడ పక్కన దుప్పటి ముద్ద పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం నేర్చుకున్నాను. జుట్టు అంటుకోవడం, కిటికీ తెరిస్తే దుమ్ము అంటుకోవడం వేరే తలనొప్పి. గాలి లేచే రోజుల్లో మా ఊళ్లో ముఖానికి జిగురు పూసుకుని కిటికీ పక్కన పడుకోలేం.

పొద్దున లేవగానే మొదట తెలిసేది ఎడమ బుగ్గ లాగినట్టుండటం. ఇదే బిగువు అనుకుంటారు చాలామంది. మాస్కులో ఉండే పొర కట్టే పదార్థాలు ఆరేటప్పుడు కొంచెం ముడుచుకుంటాయి, చర్మాన్ని పట్టి లాగుతాయి. గుడ్డు తెల్లసొన పూసుకుంటే వచ్చే లాగుడూ ఇదే జాతిది. గోరువెచ్చని నీళ్లతో కడగ్గానే అదంతా పోయేది.

కడిగాక మిగిలేది మాత్రం ఉత్తదేం కాదు. మొదటి రోజుల ఫొటోల్లోనే ఎడమ కంటి కింది సన్నగీతలు కుడివైపు కంటే తక్కువగా ఉన్నాయి, పోలరైజర్ పెట్టినా తక్కువే. బుగ్గ మీద పొట్టు అణిగింది. చేత్తో తాకితే తేడా ఇంకా బాగా తెలిసింది. మా ఆయనను కళ్లు మూసుకుని రెండు బుగ్గలూ తాకమంటే "ఇది" అని ఎడమదే చూపించాడు. అయితే మధ్యాహ్నం భోజనం వేళకు తీసిన ఫొటోల్లో తేడా సగానికి సగం తగ్గింది. బ్యాంకుకనో, ల్యాబ్‌కనో సుభాష్ రోడ్డు దాకా స్కూటీ మీద పోయి వచ్చిన సాయంత్రాల్లో రెండు బుగ్గలూ ఒకటే.

ఎందుకిలా అని అప్పుడే చదవడం మొదలుపెట్టాను. మన చర్మం పైన ఉండే మృతకణాల పొర ముఖం మీద 10 నుంచి 20 మైక్రాన్ల మందం ఉంటుంది, వెంట్రుక మందంలో చిన్న వంతు. ఆ పొరలో నీరు తగ్గితే ముడుచుకుని సన్నగీతలు పడతాయి, నీరు పట్టిస్తే ఉబ్బి గీతలు సర్దుకుంటాయి. రాత్రి మాస్కు చేసే పని ప్రధానంగా అదే. గ్లిజరిన్, హయలురోనిక్ ఆమ్లం లాంటివి నీటిని పట్టి ఉంచుతాయి, పైన ఉండే జిడ్డు పదార్థాలు ఆ నీరు ఆవిరి కాకుండా మూస్తాయి. పగటి కంటే రాత్రిపూట చర్మం నుంచి నీరు ఆవిరవడం ఎక్కువ కాబట్టి రాత్రి పూసుకోవడంలో అర్థం ఉంది.

మా ఊరి గాలే ఇందులో చిక్కు. అనంతపురం వానచాయ ప్రాంతం, ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. శివరాత్రి తర్వాత దండెం మీద వేసిన నూలుచీర గంటలో ఎండిపోతుంది. ఇంత పొడిగాలిలో, నెత్తిన ఫ్యాన్ తిరుగుతుంటే, పైన మూత సరిగా లేని జెల్ మాస్కు కొంత ఎదురు తిరుగుతుంది. గాలిలో తేమ లేకపోతే హయలురోనిక్ ఆమ్లం కింది పొరల నుంచే నీరు లాగుతుందని, ఆ నీరూ ఫ్యాన్ గాలికి పోతుందని అంటారు. మా పాప తెచ్చింది సరిగ్గా అలాంటి జెల్. సముద్రపు గాలి తగిలే ఊళ్లవాళ్లకు అదొక్కటే సరిపోతుందేమో, నాకు సరిపోలేదు.

అందుకని మాస్కు ఆరాక దాని మీద బఠాణీ గింజంత పెట్రోలియం జెల్లీ అరచేతిలో కరిగించి అద్దడం మొదలుపెట్టాను. నూటయాభై ఏళ్లుగా దొరుకుతున్న సరుకు, చర్మం నుంచి నీరు పోకుండా ఆపడంలో దాన్ని మించినది దాదాపు లేదు. ఆ రాత్రుల తర్వాత ఎడమ బుగ్గ నునుపు మధ్యాహ్నం దాటి నిలిచింది. కొసరు పరీక్షగా కుడివైపు మాయిశ్చరైజర్ మీద కూడా అదే జెల్లీ అద్ది చూశాను. కొరియా డబ్బాకూ మామూలు మాయిశ్చరైజర్‌కూ ఉన్న తేడా చాలావరకు చెరిగిపోయింది! పాపకు ఫోన్‌లో చెప్తే ఒప్పుకోలేదు. ఫొటోలు పంపాను, "నీ కెమెరా బాలేదమ్మా" అంది.

ఉగాది దాటి ఎండలు ముదిరాక జెల్లీ ఆపేయాల్సి వచ్చింది. చెమటకు నుదుటి మీద చిన్న పొక్కులు లేచాయి. ఆ రోజుల్లో హాల్లో నీళ్ల కూలర్ పెట్టుకుని పడుకుంటాం, అది గదిలో తేమ పెంచుతుంది. కూలర్ గదిలో జెల్ మాస్కు ఒక్కటే వేసుకున్నా బుగ్గ ఎండలేదు. ఏసీ గదిలో పడుకునేవాళ్లకు వ్యతిరేకం, ఏసీ ఉన్న తేమను కూడా లాగేస్తుంది.

మధ్యలో అత్తమ్మ పోరు పడలేక ఒక రాత్రి కుడివైపు పాలమీగడ పూసుకున్నాను. పొద్దున ఫొటోలో బాగానే ఉంది, కాదనను. రాత్రంతా ఆ వాసన, తెల్లారేసరికి తలగడ చుట్టూ చీమలు. పసుపు కలుపుకోమంటే మాత్రం గట్టిగా వద్దన్నాను. నలుగు పెట్టిన మర్నాడు వచ్చే పెళ్లికూతుళ్ల చెవుల పక్కన, జుట్టు మొదళ్లలో మిగిలిన పసుపును సవరించడానికి నాకు ఎంత పొద్దు పోతుందో నాకే తెలుసు.

ఇక బిగువు సంగతి. మాస్కు మొదలుపెట్టినరోజు ఫొటో, కొన్ని వారాల తర్వాతి ఫొటో రెండింటినీ ఫొటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టి, పైదాన్ని సగం పారదర్శకం చేశాను. ముక్కు పక్క మడత మీద మడత సరిగ్గా కూర్చుంది. దవడ గీత మీద గీత. ఎడమకూ కుడికీ తేడా లేదు. కంటి కింది గరుకు తగ్గిన బుగ్గే, ఆకారంలో మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు.

కదలకపోవడానికి కారణం ఉంది. బిగువునిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ ఉండేది పైపొరలో కాదు, దాని కింద ఉండే డెర్మిస్‌లో. అక్కడిదాకా ఏది పోగలదనేదానికి 2000లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక లెక్క చెప్పారు. అణుభారం సుమారు 500 డాల్టన్లు దాటితే చర్మంలోంచి లోపలికి దిగడం కష్టమని. కొలాజెన్ అణువు దాదాపు 3 లక్షల డాల్టన్లు. ముక్కలు చేసిన కొలాజెన్ కూడా ఎక్కువగా వేలల్లోనే ఉంటుంది. పైన పూస్తే పైనే ఉండి తేమ పట్టిస్తుంది, లోపలికి పోయి మన కొలాజెన్‌లో కలవదు.

ఈ మాట చెప్తే మా తోడికోడలు ఒప్పుకోలేదు. తను ఆన్‌లైన్‌లో తెప్పించిన కొలాజెన్ షీట్ మాస్కు తెచ్చి చూపించింది. తెల్లటి మందపాటి జెల్లీ ముక్క, రాత్రి ముఖానికి అతికించుకుంటే తెల్లారేసరికి గాజులాగా పారదర్శకం అవుతుంది. "చూడక్కా, కొలాజెనంతా లోపలికి ఇంకిపోతేనే గదా ఇట్లయ్యేది!" ఒక ముక్క అడిగి తీసుకుని, స్టీలు పళ్లెం మీద పరిచి రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టాను. పొద్దునకు పళ్లెం మీదిదీ పలచబడి అడుగు కనబడింది. పళ్లెంలోకి ఏ కొలాజెనూ ఇంకదు గదా! సముద్రపు నాచు నుంచి తీసే కరాజీనన్ లాంటి జిగుళ్లతో చేసే ఆ జెల్లీలోంచి నీరు పోతే పారదర్శకమవుతుంది, అంతే. తోడికోడలు పళ్లెం చూసి, కాసేపు ఆలోచించి, "అయినా ముఖం చల్లగుంటాది లేక్కా" అంది. అది నిజమే.

డబ్బా మీద సన్న అక్షరాలు చదవడం కూడా ఈ రోజుల్లోనే అలవాటయింది. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు. ఫినాక్సీఎథనాల్ అనే నిల్వపదార్థాన్ని సాధారణంగా ఒక శాతానికి మించి వేయరు. కాబట్టి గొప్పగా ముందువైపు అచ్చేసిన పెప్టైడ్ (ప్రోటీన్ తునక) పేరు వెనకవైపు దాని తర్వాత కనబడితే, ఉన్నది ఒక శాతం లోపే అని అర్థం. కొన్ని పదార్థాలు అంత తక్కువలోనూ పనిచేస్తాయి, అయినా ధర కట్టేముందు తెలిసి ఉండటం మంచిది. నా డబ్బాలో నీరు, గ్లిజరిన్ తర్వాత నియాసినమైడ్ (బి3 విటమిన్ రూపం) పైవరసలోనే ఉంది. వారాలు గడిచేకొద్దీ ఎడమవైపు సాయంత్రం ఫొటోల్లో కూడా కాస్త నునుపు మిగలడానికి అది కారణం అయ్యుండొచ్చు. చర్మం తన రక్షణపొరను కట్టుకోవడానికి నియాసినమైడ్ సాయపడుతుంది.

ఒక్క రాత్రిలో నిజంగానే కళ్లు చెదిరే మార్పు వస్తే నాకు ఇప్పుడు భయమేస్తుంది. కారణం ఒక పెళ్లికూతురు. ఏదో పార్లర్‌లో ఇచ్చిన, పేరూ చీటీ లేని చిన్న డబ్బా నైట్ క్రీమ్ పూసుకుందట. కొద్ది రోజుల్లోనే తెల్లగా, అద్దంలాగా అయిందని సంబరపడింది. నెలల తరబడి వాడింది. పెళ్లిరోజు లైట్లు పడేసరికి బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, సన్నటి నరాలు బయటికి కనబడ్డాయి, దవడ మీద నూగు పెరిగింది. ఆ ఆల్బమ్ నేనే సరిచేశాను, ఎరుపు తీయడానికి ప్రతి ఫొటోలోనూ చర్మం రంగు మళ్లీ కట్టాల్సి వచ్చింది. తర్వాత డాక్టరు దగ్గరికి పోతే స్టెరాయిడ్ పని అన్నారట. బీటామెథసోన్, క్లోబెటసోల్ లాంటివి ముఖానికి ఇష్టమొచ్చినట్టు వాడితే చర్మం పలుచబడిపోతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు పద్నాలుగింటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా పేరులేని డబ్బాలకు ఆ జాబితాతో పనేముంది? ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేసినా ముఖం భగ్గుమంటుంది, డాక్టరు చెప్పినట్టే తగ్గించుకుంటూ రావాలి.

మడత కదలని ఫొటోలు ప్రింటు తీసుకుని నేనూ సాయినగర్‌లో ఒక చర్మవైద్యురాలి దగ్గరికి పోయాను. ఇంతమంది సెల్ఫీలు చూపిస్తారు కానీ పక్క వెలుతురులో తీసినవి తెచ్చినదాన్ని నన్నే చూశానని నవ్వింది డాక్టరమ్మ. బిగువు కావాలంటే పూతల్లో ఎక్కువ ఆధారాలున్నది ట్రెటినాయిన్ అనే ఎ విటమిన్ జాతి మందుకేనట. రాత్రిపూట, తక్కువ మోతాదు, మొదట వారానికి రెండు మూడుసార్లు, ఫలితానికి నెలలు ఆగాలి. గర్భం ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ముట్టుకోకూడదు. "మరి మాస్కు ఆపేయాలా మేడమ్?" అంటే, "ఎందుకమ్మా, చర్మం ఎండిన రాత్రి వేసుకో. ట్రెటినాయిన్ పూసిన రాత్రి మాత్రం దాని మీద మూతలాగా వేయొద్దు, మంట ఎక్కువవుతుంది" అంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పింది సన్‌స్క్రీన్ గురించి. ఆస్ట్రేలియాలో నాలుగున్నరేళ్లు చేసిన ఒక అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. రోజూ తప్పకుండా సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ల చర్మంలో ఆ కాలంలో ముసలితనపు గుర్తులు పెరిగినట్టు కనబడలేదట, ఇష్టమొచ్చినప్పుడు రాసుకున్నవాళ్లలో పెరిగాయి. గండికోట ప్రీ వెడ్డింగ్ షూట్లకు మధ్యాహ్నం పూట రాళ్ల మీద నిలబడే మా ఆయనకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా టోపీ దాకానే వచ్చాడు.

మాస్కు డబ్బా అయిపోయింది. ఇంకొకటి తెమ్మని పాపకు చెప్పలేదు, ట్రెటినాయిన్ లేని రాత్రుల్లో మామూలు మాయిశ్చరైజర్, మాఘఫాల్గుణాల్లో పైన పెట్రోలియం జెల్లీ నడుస్తున్నాయి. స్టూడియోకు వచ్చే పెళ్లికూతుళ్లలో ఎవరో ఒకరు "అక్కా, ముందురోజు రాత్రి మాస్కు వేసుకుంటే ఫొటోల్లో బాగొస్తుందా?" అని అడుగుతూనే ఉంటారు. వస్తుంది, ముఖ్యంగా మేకప్ పొడి పొడిగా పగలకుండా ఉంటుంది అని చెప్తాను. అయితే పెళ్లివారంలో మొదటిసారి మాత్రం వద్దు, కనీసం నెల ముందు నుంచి వాడి పడుతుందో లేదో చూసుకో. పెళ్లిరోజు పొద్దున మాస్కు పూర్తిగా కడిగేయమని ఇంకోసారి చెప్తాను. ఆ పొర మిగిలితే ఫౌండేషన్ రుద్దేటప్పుడు పిండి రాలినట్టు ఉండలు కడుతుంది, ముహూర్తం వేళకు మేకప్ అమ్మాయి మళ్లీ మొదటి నుంచి వేయాలి, మా ఆయన మండపం దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడాలి.